రాజుగారు లేచిన మంగళవారం

మంగళవారం పొద్దున యెలిత్సాకి ఊపిరి సలపదు. రాజుగారి కాలరుకి గంజి పెట్టాలి, కోటుకి బ్రష్షు కొట్టాలి, బూట్లు మెరిపించాలి, ఆయన చేత గుడ్డు తినిపించాలి. వీటన్నిట్లోకీ గుడ్డే కష్టం. జాగోర్నియా రాజు రదోవాన్ గారికి డెబ్బై దాటాయి, రాజ్యం పోయింది, న్యూయార్కులో ఒక హంగేరీవాడి మాంసం కొట్టు మీద రెండు గదుల్లో కాపురం. అయినా గుడ్డు కాస్త గట్టిపడిందంటే సింహాసనం మీదున్న రోజుల్లాగే మూతి ముడుచుకుంటారు.

"ఇది గుడ్డా, గులకరాయా?"

"పోయినసారి పలచగా ఉందన్నారు కదా అని ఇంకాస్త ఉంచాను. ఏలినవారు మోచేతులు బల్లమీంచి తీస్తే బాగుంటుంది. ఇప్పుడే ఇస్త్రీ చేసి చచ్చాను."

"మా తాతగారి కాలంలో వంటమనిషి ఇలా ఎదురు మాట్లాడితే ఏమయ్యేదో తెలుసా?"

"తాతగారి కాలంలో వంటమనిషి వేరు, దర్జీ వేరు, బూట్లు తుడిచేవాడు వేరు. ఇప్పుడు అందరూ నేనే. వాళ్లలో ఎవర్ని పనిలోంచి తీసేస్తారో చెప్పండి, మిగతావాళ్లం సర్దుకుంటాం."

రాజుగారు చెంచా తీసుకున్నారు. గుడ్డు తినేశారు.

తర్వాత ఇద్దరూ బస్సెక్కారు. డిసెంబరు చలి, కిటికీ అద్దాలు ఆవిరి పట్టిపోయి ఉన్నాయి. బస్సునిండా సంచులు పట్టుకున్న ఆడవాళ్లు. వెనక సీట్లో ఇద్దరు పదింటికల్లా ఇంటికి చేరతామా లేదా అని కంగారు పడిపోతున్నారు.

"పోయినవారం మేక కుంటింది, చూశావా? రాత్రంతా నాకు అదే బెంగ."

"మేక సంగతి అటుంచు. ఆ వెనిగర్ పిల్ల ఇవాళ మళ్లీ దాన్ని కొట్టిందంటే మాత్రం నేను ఆ సబ్బు కొనడం మానేస్తాను."

"రాజుగారు ఎలా ఉంటారంటావు?"

"ఎలా ఉంటారు, రాజులాగే ఉంటారు. పొడుగ్గా, గడ్డంతో." ఆవిడ ముందుకు వంగి ముందు సీట్లో ఉన్న ముసలాయన భుజం తట్టింది. "ఏమండీ, కాస్త జరిగి కూర్చుంటారా, మీ టోపీ అడ్డొస్తోంది. మేం దిగాల్సిన చోటు కనబడట్లేదు."

రాజుగారు జరిగారు. ఆయన పొట్టి. గడ్డం లేదు. చెవులు మాత్రం నిండుగా, పెద్దవి.

ఇదీ ఆయన కీర్తి. అమెరికాలో ఆ ఏడు రాజు రదోవాన్ పేరు తెలియని ఇల్లాలు లేదు, ఆయన మొహం తెలిసిన ఇల్లాలూ లేదు. మొగుళ్లు ఆఫీసులకీ పిల్లలు బడికీ పోయాక, మంగళవారాలు పదింటికి, స్నోబెల్ సబ్బుపొడి వాళ్లు టెలివిజన్లో రాజుగారి కార్యక్రమం వేసేవాళ్లు. ఒక మాజీ రాజుని కుర్చీలో కూర్చోబెట్టి, తెల్లటి బట్టల గురించి రెండు మాటలు చెప్పిద్దామని వాళ్ల ఆలోచన. కానీ మొదటిరోజు కెమెరా ఆయన మీదకి తిప్పితే తెరమీద ఆయన పడలేదు. వెలిన్ ఊరి సంత పడింది.

జాగోర్నియాలో పాత చట్టం ఒకటుంది. మంగళవారం సంతరోజు రాజు బాల్కనీలో కుర్చీ వేసుకుని సంతని చూడాలి. రాజు ఎక్కడ కూర్చుంటే అదే బాల్కనీ. ఆ చట్టం రాసినవాళ్లు సముద్రాలూ టెలివిజన్లూ ఉంటాయనుకుని రాశారో లేదో గానీ, చట్టం చట్టమే కదా. కెమెరా పట్టే గస్ అద్దం తుడిచి మళ్లీ చూశాడు, మంచుపట్టిన రాళ్లబజారూ, గోనెపట్టాల కింద కూరగాయలూ, ఒక మేకా అలాగే ఉన్నాయి. "రాజులతో ఇంతే కాబోలు" అన్నాడు. తనకే తెలియకుండా నెత్తిమీది టోపీ తీసేశాడు. కంపెనీ తరఫున కార్యక్రమం నడిపే మిస్ కాలహన్ ఒక్క నిమిషం తెరవంక చూసి, "వెనకాల వయొలిన్ పెట్టండి" అంది. అంతే, ఆ సంగతి అక్కడితో తేలిపోయింది.

జనం ఆ సంతని నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ జరుగుతున్నది జరుగుతున్నట్టే కనిపించేది, మాట మాత్రం వినిపించేది కాదు. అందుకని మనుషులందరికీ వీళ్లే పేర్లు పెట్టుకున్నారు. చీపురు పట్టుకుని ఊడ్చే ముసలమ్మ మార్తా పిన్ని అయింది. గంభీరంగా గడ్డం ఊపే మేక సెనేటరు అయింది. దానికి సంచులకొద్దీ ఉత్తరాలు వచ్చేవి. పుట్టినరోజుకి ఎవరో ఉన్ని మేజోళ్లు నాలుగు అల్లి పంపారు.

"ఆ మేకకి అభిమానులున్నారు, నాకు లేరు" అనేవారు రాజుగారు. "నేను వీళ్లకి కిటికీని. కిటికీని ఎవరు చూస్తారు, కిటికీలోంచి చూస్తారు గానీ. ఈ పాడుపని మానేస్తాను."

అప్పుడల్లా యెలిత్సా చేస్తున్న పని ఆపేసి ఆయన ఎదుట నిలబడేది. "మానకండి" అనేది. వేళాకోళం ఉండేది కాదు ఆ గొంతులో. రాజుగారు చూపు దించుకునేవారు. మంగళవారం రాగానే మళ్లీ కాలరు మెడకి బిగించుకునేవారు.

ఎందుకంటే ఆ సంతలో యెలిత్సా కూతురు ఉంది.

యెలిత్సా కోటలో కుట్టుపని చేసేది. మొగుడు యుద్ధంలో పోయాడు. శత్రువులు మీదికొచ్చిన ఏడు, రాణీగారి కోట్లకి అస్తర్లు వెయ్యాలి, సరిహద్దు కోటదాకా వచ్చిపో అన్నారు. మూడేళ్ల నెవెంకాని అత్తగారి ఒళ్లో కూర్చోబెట్టి, "ఎల్లుండి వచ్చేస్తా" అని చెప్పి వెళ్లింది. వాళ్లు నది దాటీ దాటగానే వెనక వంతెన పేల్చేశారు. ఆ తర్వాత యుద్ధం అయిపోయింది గానీ రాజ్యం మారిపోయింది, దారులు మూసేశారు, ఉత్తరాలు పోవు, రావు. రాణీగారు జబ్బుచేసి లండన్లో కన్నుమూశారు. మిగిలిన ఇద్దరూ ఓడెక్కి ఇక్కడ తేలారు. ఆ ఎల్లుండి ఇప్పటిదాకా రాలేదు.

మొదటిరోజు తెరమీద సంత కనబడగానే యెలిత్సా అక్కడున్న కెమెరా తీగల చుట్టమీదే కూలబడింది. ముక్కు విరిగిన రాతి సింహం నోట్లోంచి నీళ్లు పడుతున్నాయి. ఆ నీళ్లు ఆమె తాగింది. ఆ రాళ్లమీద పురిటినొప్పులతో నడిచింది. ఆ పెట్టె గాజుమీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది, అది గాజు చలో వెలిన్ చలో తేల్చుకోలేకపోయింది. పావుగంట తర్వాత సబ్బుపొడి డబ్బా వచ్చి సంతని మూసేసింది. అప్పుడుగానీ తను ఏడుస్తున్నట్టు ఆమెకి తెలియలేదు.

అయితే ఒక చిక్కు. మూడేళ్లప్పుడు వదిలేసిన పిల్ల పదిహేడేళ్లప్పుడు ఎలా ఉంటుంది? సంతనిండా ఆ వయసు పిల్లలే. వెతగ్గా వెతగ్గా రొట్టెలమ్మే పిల్ల దొరికింది. బొద్దుగా, నవ్వితే బుగ్గలు పైకి తేలి కళ్లు మూసుకుపోయే పిల్ల. "అచ్చం మా అత్తగారి బుగ్గలు" అని యెలిత్సా తీర్మానించేసింది. రాజుగారూ కళ్లజోడు సవరించుకుని, అవును, అనుమానమే లేదన్నారు. ఆ రోజునించీ ఆమె ఆ పిల్ల కొలతలకి తగ్గట్టు ఒక గౌను మొదలుపెట్టింది. పిల్ల ఒళ్లు చేసినప్పుడల్లా కుట్లు విప్పి వదులు చేసేది.

ఎప్పుడూ పుల్లటి మొహంతో ఉంటుందని అమెరికావాళ్లు వెనిగర్ పిల్ల అని పేరు పెట్టినది ఇంకో పిల్ల. సింహం పక్కనే ఉల్లిపాయల బుట్ట పెట్టుకుని కూర్చునేది. వెదురుబద్దలా ఉండేది. బేరమాడినవాళ్లందరి మీదా నోరు పారేసుకునేది, మేకని తన్నేది, ఒకసారి పోలీసు బూట్ల మీద నీళ్లు కుమ్మరించింది. ఆ పిల్ల అంటే యెలిత్సాకీ ఒళ్లుమంట. "ఏ తల్లి కందో గానీ, పెంచడం చేతకాలేదు" అనేది.

బస్సు దిగి స్టూడియోలోకి వెళ్లేసరికి మిస్ కాలహన్ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డకబురు చెప్పాల్సొచ్చినప్పుడు మాత్రం మనిషి మొహంవంక కాకుండా గడియారంవంక చూస్తుంది.

"రాజుగారూ, ఇవాళ బాగా చెయ్యండి. ఇదే ఆఖరిది."

"ఆఖరిదంటే?"

"చలికాలం కదా, సంతలో జనం పల్చబడ్డారు. మంచు పడుతుంటే తెరంతా తెల్లగా ఉంటోంది. చూసేవాళ్లు తగ్గారు. వచ్చేవారం నించి లెక్కలు చేసే కుక్కని పెడుతున్నారు. కూడికలూ తీసివేతలూ చేస్తుందట, మెడకి టై కూడా కడతారు. నా చేతుల్లో ఏం లేదండీ."

"తీసివేతలు కూడానా" అన్నారు రాజుగారు మెల్లగా.

యెలిత్సా ఆయన్ని వేషం గదిలోకి తీసుకెళ్లి కోటు సర్దింది. ఇవాళ పావుగంట చూస్తుంది, ఆపైన ఇంక లేదు. ఆ పిల్లకి పెళ్లయినా తెలీదు, జబ్బు చేసినా తెలీదు. ఒకసారి పోగొట్టుకున్నది చాలదన్నట్టు రెండోసారి పోగొట్టుకోవడానికి ఇస్త్రీ బట్టలతో బయల్దేరి వచ్చింది.

"అమ్మాయీ" అన్నారు రాజుగారు. "నాకు చేతనైతే..."

"మీకు చేతకాదని నాకు తెలుసు. మెడ ఎత్తండి, బొత్తాం పెట్టాలి."

"మా తాతగారైతే ఏదో ఒకటి చేసేవారు. టోపీ పెట్టినవాణ్ణి వట్టిచేతుల్తో పంపలేదు ఎన్నడూ."

టోపీ సంగతి జాగోర్నియాలో పసిపిల్లలకీ తెలుసు. రాజు చూపు తగిలితే సంతలో టోపీలు బరువెక్కుతాయి. అప్పుడు జనం టోపీలు తీస్తారు. ఎవరికైనా మొర ఉంటే టోపీని నేలమీద వెల్లకిలా పెట్టి, తమకి లేనిది ఏమిటో చెప్పే వస్తువు అందులో వేస్తారు. ఆకలైతే ఖాళీ గరిటె, పొలం తగాదా అయితే గుప్పెడు మట్టి. రాజు జవాబు చెప్పేదాకా ఆ టోపీని ఎవరూ దాటకూడదు, ముట్టకూడదు. అడిగింది రాజు ఇస్తాడు. ఇవ్వలేకపోతే కుర్చీలోంచి లేవాలి, ఆ మొర తీర్చగలవాళ్లకి చోటిచ్చి టోపీ దగ్గరికి పంపాలి. లేచినవాడు ఇంక రాజు కాడు. అందుకే ఏ రాజూ లేవలేదు. రాజుగారి తాత ఆవుని అడిగినవాడికి ముసలి ఆవునిచ్చారు, అది మర్నాడే చచ్చింది. తండ్రి మాట ఇచ్చేవారు, మాటకి ఖర్చేముంది. ఇప్పుడున్న కొత్త సర్కారు సంతలో టోపీ తియ్యడమే నేరమంది. అందుకని మంగళవారం సాయంత్రం టోపీలు బరువెక్కగానే జనం తల గోక్కున్నట్టు, దుమ్ము దులుపుకున్నట్టు నటించేవారు. పోలీసులు కూడా ఆ మంచులో టోపీ తీసి నుదుటి చెమట తుడుచుకునేవారు.

పది కొట్టింది. వయొలిన్ మొదలైంది. రాజుగారు స్నోబెల్ వాళ్ల ఎర్ర వెల్వెట్ కుర్చీలో కూర్చున్నారు. యెలిత్సా ఎప్పటిలాగే కెమెరా పక్కన తెర దగ్గర నిలబడింది.

వెలిన్లో సాయంత్రం నాలుగు. వెలుగు పోతోంది, దీపాలు ఒక్కొక్కటే వెలిగిస్తున్నారు. మంచు తగ్గుముఖం పట్టింది. మార్తా పిన్ని అనే ముసలమ్మ మెట్లు ఊడుస్తోంది. మేక కుంటకుండానే నడుస్తోంది. రొట్టెల పిల్ల బల్ల దగ్గర నిలబడి ఎవరితోనో పగలబడి నవ్వుతోంది. యెలిత్సా ఆ పిల్లనే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా. జుట్టు, మెడ, చేతులు, అన్నీ కళ్లలో దాచుకోవాలి. 'పోయొస్తా తల్లీ' అనుకుంది. మళ్లీ, ఎక్కడికి పోయొస్తాను, అనుకుంది.

సంతలో టోపీలు బరువెక్కాయి. జనం తలలు గోక్కున్నారు.

అప్పుడు సింహం పక్కనించి ఉల్లిపాయల పిల్ల లేచింది. నెత్తిమీద మగవాళ్ల పాత బొచ్చుటోపీ ఉంది. తల గోక్కోలేదు, దుమ్ము దులపలేదు. సంత నడిమధ్యకి నడిచొచ్చి టోపీ తీసి రాళ్లమీద వెల్లకిలా పెట్టింది.

సంత మొత్తం ఆగిపోయింది. ముసలమ్మ చీపురు గాల్లోనే నిలిచిపోయింది. రొట్టెల పిల్ల నవ్వు ఆపి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎన్నో ఏళ్లుగా ఆ రాళ్లమీద ఎవరూ టోపీ పెట్టలేదు. ఇద్దరు పోలీసులు గబగబా వచ్చారు. వచ్చి, టోపీకి రెండడుగుల దూరంలో నిలబడిపోయారు. వాళ్లూ ఆ ఊళ్లో పుట్టినవాళ్లే, దాటడానికి కాళ్లు రాలేదు. రాజు జవాబు చెప్పేదాకా ఆ పిల్లకి భయం లేదు. చెప్పకపోతే, పావుగంట అయిపోయి చూపు పోతే, టోపీ వట్టి టోపీ అయిపోతుంది. ఆపైన ఆ పిల్లని ఎక్కడికి తీసుకెళ్తారో అందరికీ తెలుసు.

స్టూడియోలో వయొలిన్ వాయించేవాడు చెయ్యి దించేశాడు.

పిల్ల కోటు బొత్తాలు విప్పి లోపలినించి ఏదో గుడ్డ తీసింది. మడత విప్పి, ఒకసారి దులిపి, టోపీలో పెట్టింది.

"అమ్మాయీ" అన్నారు రాజుగారు, కుర్చీలోంచే. "నా కళ్లు ఆనట్లేదు. ఏం పెట్టింది?"

యెలిత్సా తెరవంక వంగి చూసింది. అది కుట్టుపనివాళ్లు కట్టుకునే ఏప్రన్. ఎడమ జేబు కుడి జేబు కంటే జానెడు కిందికి ఉంది. కత్తెర జారకుండా ఉండాలని కడుపుతో ఉన్నప్పుడు తనే అలా కుట్టుకుంది, ప్రపంచంలో ఇంకెవరికీ అలాంటి జేబు లేదు. ఎల్లుండి వచ్చేస్తాగా అని తలుపు వెనక మేకుకి తగిలించి వెళ్లింది.

"నా ఏప్రన్" అంది.

"మీ అమ్మాయి రొట్టెల పిల్ల కదా?"

"కాదు." ఆమె తెరకి దగ్గరగా జరిగింది. వెదురుబద్దలాంటి ఆ పిల్లకి గడ్డం ముందుకి పొడుచుకొచ్చి ఉంది, పోట్లాటకి సిద్ధంగా. అది చచ్చిపోయిన మొగుడి గడ్డం. ఇన్ని మంగళవారాలు ఎదురుగానే ఉంది. ఇన్ని మంగళవారాలు తిట్టుకుంటూ కూర్చుంది. "కాదు ఏలినవారూ. ఇదే. నేనే పోల్చుకోలేకపోయాను. కన్నబిడ్డని పోల్చుకోలేకపోయాను."

మిస్ కాలహన్ గడియారంవంక చూసి రెండు వేళ్లు చూపించింది. రెండు నిమిషాల్లో సబ్బుపొడి డబ్బా వచ్చేస్తుంది.

"లేనిది తల్లి" అన్నారు రాజుగారు. ఎవరితోనో కాదు, తనతోనే. "తల్లి నా దగ్గరే ఉంది. గుడ్డు ఉడకబెడుతోంది."

"మాట ఇవ్వండి" అంది యెలిత్సా. "మీ నాన్నగారిలా ఏదో ఒక మాట ఇచ్చెయ్యండి. ముందు దాన్ని పోలీసులు ముట్టుకోకుండా ఉంటే చాలు."

రాజుగారు ఆమెవంక చూశారు. ఆయన దగ్గర అప్పటికి సంపదలేదు, సైన్యంలేదు, భార్యలేదు. తన మొహం ఎవరికీ తెలియని ఈ మహానగరంలో ఆయనకి మిగిలింది ఒక్క మాట, 'రాజు' అనే మాట. పొద్దున లేచి కాలరు బిగించుకోవడానికి అదొక్కటే ఆధారం. అది యెలిత్సాకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు, ఆ కాలరుకి గంజి పెట్టేది ఆమేగా.

ఆయన కుర్చీ చేతులమీద అరిచేతులు ఆనించారు. మోకాళ్లు చప్పుడు చేశాయి. లేచి నిలబడ్డారు.

"రా, కూర్చో."

"వద్దు" అంది యెలిత్సా. "వద్దండీ, మీరు కూర్చోండి. ఏలినవారి కుర్చీలో నేనేమిటి."

"ఇది ఏలినవారి కుర్చీ కాదే పిచ్చిదానా, సబ్బుపొడి వాళ్ల కుర్చీ. రా. పిల్ల చలిలో నిలబడి ఉంది."

గస్ కెమెరా కుర్చీమీదే ఉంచాడు. యెలిత్సా వచ్చింది. రాజుగారి చెయ్యి పట్టుకుంది, ఇన్నేళ్లలో మొదటిసారి. ఆ చెయ్యి సన్నగా, వెచ్చగా ఉంది. కూర్చుంది.

తర్వాత అమెరికా ఇల్లాళ్లు చూసిందేమిటంటే, ఖాళీ ఎర్ర కుర్చీ. దాని పక్కన పెద్ద చెవుల ముసలాయన ఒకడు జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. ఫోన్లమీద ఫోన్లు వచ్చాయి, ఎవరీయన, మా సంత ఏది, మా సెనేటరు ఏడీ, అని. మిస్ కాలహన్ ఫోను ఎత్తలేదు. గస్ వెళ్లి తన కోటు తెచ్చి రదోవాన్ గారి భుజాలమీద కప్పాడు. "ఇంటిదగ్గర దించుతాను పదండి" అన్నాడు. రదోవాన్ గారు తెరవంక చూసి, అక్కడ మొదటిసారి తన మొహం కనబడితే, "నేనింత ముసలాణ్ణయిపోయానా" అని ఆశ్చర్యపోయారట.

యెలిత్సాకి అదేమీ తెలీదు. ఆమె కూర్చోగానే వెన్నులోకి చలి దిగింది. ముందు వాసన వచ్చింది, కాల్చిన చెస్ట్‌నట్ కాయల వాసన, తడి గోనెల వాసన, మేక వాసన. తర్వాత చప్పుడు వచ్చింది. ఇన్ని మంగళవారాలు నోరు లేకుండా చూసిన సంత ఇప్పుడు వినిపిస్తోంది, సింహం నోట్లోంచి నీళ్లు పడుతున్న చప్పుడుతో సహా. కింద కుర్చీ లేదు. ఆమె రాళ్లమీద నిలబడి ఉంది.

సంతలో అందరూ ఒక్కసారి తలలు తడుముకున్నారు. టోపీలు తేలికైపోయాయి. మంగళవారం సాయంత్రాలు నెత్తిమీద ఉండే బరువు ఇంక లేదు, మళ్లీ రాదు. ముసలమ్మ చీపురు కింద పెట్టి ఆకాశంవైపు చూసింది. "లేచాడు" అంది మెల్లగా. "ఇచ్చి లేచాడు." కొందరు ఏడ్చారు, కొందరు మోకరిల్లారు. ఎక్కువమంది ఏం చెయ్యాలో తెలియక టోపీలు చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

నెవెంకా కదల్లేదు. యెలిత్సాని కిందినించి పైదాకా చూసింది. పైనించి కిందిదాకా చూసింది.

"ఇంత పల్చటి చెప్పులేసుకుని వచ్చావా ఈ మంచులో" అంది.

యెలిత్సా తలూపింది. చేతులు వాటంతటవే ముందుకి వెళ్లి ఆ పిల్ల కోటు బొత్తాలు పెట్టడం మొదలుపెట్టాయి. మూడోది ఊడి వేలాడుతోంది. "ఇది ఎవరు కుట్టారు" అంది. "ఇలా కుడితే నిలుస్తుందా."

"నేనే కుట్టా. నాకెవరు నేర్పారని?" గొంతు కటువుగానే ఉంది గానీ, ఆ పిల్ల బొత్తాలు పెట్టనిచ్చింది. పెడుతున్నంతసేపూ గడ్డం పైకెత్తి పట్టుకుంది.

పోలీసుల్లో పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు. నేలమీది టోపీని చూశాడు. జవాబు వచ్చేసింది కాబట్టి ఇప్పుడది వట్టి టోపీ. దాటొచ్చు. దాటలేదు, చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఈవిడెవరు?"

"మా అమ్మ" అంది నెవెంకా.

"ఎక్కణ్ణించి వచ్చింది? కాగితాలున్నాయా?"

నెవెంకా వంగి టోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. ఏప్రన్ దులిపి భుజాన వేసుకుంది. పోలీసు కళ్లలోకి సూటిగా చూసింది, ఉల్లిపాయల దగ్గర బేరమాడేవాళ్లని చూసినట్టు.

"పనికెళ్లింది" అంది. "ఇప్పుడే వచ్చింది."

పోలీసు చుట్టూ చూశాడు. సంత మొత్తం టోపీలు చేతుల్లో పట్టుకుని అతన్నే చూస్తోంది, అతని సొంత తల్లితో సహా. మెట్లు ఊడ్చే ముసలమ్మ ఆవిడే. అతను తన టోపీ తలమీద సర్దుకోబోయి, సర్దుకోకుండా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"చీకటి పడుతోంది" అన్నాడు చివరికి. "పొండి ఇళ్లకి."

నెవెంకా సింహం దగ్గరికి వెళ్లి ఉల్లిపాయల బుట్ట లాగింది. రెండు చెవుల బుట్ట అది, ఇద్దరు మొయ్యాల్సింది. ఇన్నాళ్లూ ఒక్కత్తే ఈడ్చుకుపోయేదని రాళ్లమీది గీతలు చెబుతున్నాయి.

"ఆ చెవి నువ్వు పట్టుకో" అంది వెనక్కి చూడకుండా. "నాన్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంటుంది. నిన్ను చూసి ఏడుస్తుంది. ఏడవనీ, ఆపకు."

యెలిత్సా పట్టుకుంది.